తుపాకీ వేలిముద్ర, నా సంతకం

నిన్న పంజాగుట్టలో సిమ్ము మార్పించుకుందామని పోతే, కౌంటరులోని పిల్ల యంత్రం మీద నా బొటనవేలు పెట్టించి, "పడతలేదు తాతా, జర గట్టిగ ఒత్తు," అని నాలుగుసార్లు ఒత్తించింది. సంతకం చేస్తానంటే చెల్లదంది.

ఆ సంతకం నాకు ఊరికే రాలేదు. అమీర్‌పేటలో గోడ కనబడకుండా కంప్యూటరు కోర్సుల బోర్డులు వేలాడిన రోజుల్లో, పోలీసు కేసుల తుపాకులు పరీక్షించే ల్యాబులో నేను అటెండరును. నలభై దాటినా అక్షరం రానివాణ్ణి. హాజరు పుస్తకంలో వేలు అద్దినప్పుడల్లా, కోస్తా నుంచి వచ్చిన మా సారు, "నువ్వూ తుపాకీ ఒకటేనయ్యా, దానికీ సంతకం రాదు," అని నవ్వేవాడు. తుపాకీలోని సూది తూటా అడుగున గుద్దితే పడే గుంట ఏ తుపాకీది ఆ తుపాకీకే ఉంటుందనీ, అదే దాని వేలిముద్ర అనీ ఆయనే చెప్పాడు.

ఒకసారి రెండు దుకాణాల కాపలావాళ్ల తుపాకులు వచ్చాయి. ఒకటి పేలి దారినపోయే మనిషి చనిపోయాడు. ఇద్దరూ నాది కాదంటే నాది కాదన్నారు. సారు రెంటినీ పేల్చి చూశాడు. పేలాక మిగిలిన ఖాళీ తూటా గొట్టాలను, కాపలావాళ్ల పేర్లు రాసి కుడిఎడమలుగా పెట్టిన కవర్లలో వేయడం నా పని. కుడిది మొదట పేల్చినదానికి, ఎడమది రెండోదానికి, అదే నా చదువు. నేను చాయ్ తెచ్చేసరికి ఫ్యాను గాలికి కవర్లు చెదిరి ఉన్నాయి. అడగడానికి నామోషీ అయి అందాజుగా వేసేశాను.

చావు జరిగినచోట దొరికిన గొట్టం పక్కన వీటిని పెట్టి, మైక్రోస్కోపులో చూసి, సారు ఒకడి పేరు చెప్పాడు. "వానికి ముగ్గురు పిల్లలు సార్, ఇగ ఖతం," అన్నాడు తుపాకులు తెచ్చిన కానిస్టేబులు. కొలువు పోతే పోయిందనుకుని చెప్పేశాను: "సార్, కవర్లు కలిసినయ్. నాకు సదువ రాక అందాజగ ఏసిన."

సారు తిట్టలేదు, తిడితే బాగుండేది. రెంటినీ మళ్లీ పేల్చి, ఈసారి కవర్లు తానే పట్టుకున్నాడు. పేరు మారింది. "దాని వేలిముద్ర నేను చదువుతా, నా రాత నువ్వు చదవాలి కదయ్యా," అన్నాడంతే.

మైత్రీవనంలో జావా నేర్చుకుంటున్న నా బిడ్డ ఆ ఆదివారమే మధురానగర్ గదిలో నాచేత అ ఆలు దిద్దించింది. హాజరు పుస్తకంలో నా మొదటి సంతకం చూసి సారు నవ్వలేదు.

ఇప్పుడు చదువుకున్నవాళ్లందరూ మళ్లీ వేలిముద్రకే వచ్చారు. తుపాకీ గుర్తు ఉన్నట్టే ఉంటుందేమో గానీ, బల్లలు తుడిచి తుడిచి నా వేలు అరిగిపోయింది. చివరికి ఆ పిల్ల ఇంకో యంత్రానికి కన్ను చూపించమంటే చూపించాను. సిమ్ము కవరు మీద మాత్రం నా పేరు తెలుగులో రాయించుకుని, నాదేనా అని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాను.