కళ్లు తెరవని పటం

దొర కోటలా కట్టుకున్న గడి చిత్రశాలగా మారి తలుపులు తెరిచిన రోజున, బొమ్మలు గీసే నకాషీ కులపు సిద్దిరాములు గేటు బయటే చెప్పులు విప్పాడు. విప్పమని ఎవరూ అనలేదు. పోలీసు చర్య నాడు దొర హైదరాబాదుకు పారిపోయాక గడిలో కొన్నాళ్లు మిలిటరీ దిగింది, కొన్నాళ్లు వడ్ల బస్తాలు నిండాయి. ఇప్పుడు కరీంనగర్ పెద్దమనుషులు దానికి సున్నం కొట్టించి, గోడలకు కొత్తరకం బొమ్మలు తగిలించారు. అయినా ఆ గేటు కనబడగానే సిద్దిరాములు కాళ్లు వాటంతటవే ఆగాయి. దొరతనం పోయినా దాని భయం అంత తొందరగా పోతుందా!

లోపల నడిమి హాల్లో, పైకప్పు నుంచి నేల దాకా, అతను గీసిన పటం వేలాడుతోంది. పటం అంటే కథలు చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి జనం ముందు విప్పే పొడుగాటి బొమ్మల గుడ్డ. సిద్దిరాములు బొమ్మల వైపు చూడనైనా లేదు. పక్కన అతికించిన అట్టముక్క మీదికే కన్ను పోయింది. చదువు అంతంత మాత్రమే అయినా తన పేరు గుర్తుపట్టగలడు. పేరు లేదు. 'తెలంగాణ జానపద చిత్రం' అని ఉంది, అంతే.

ఆ పేరు కోసమే కదా ఇంత పాపం మూటగట్టుకున్నది!

అసలు ఆ పటం ఇస్తారిది. చొప్పదండి చుట్టుపక్కల పద్మశాలీలకు వాళ్ల కులపురుషుడు భావనారుషి కథ చెప్పి బతికే ఇల్లు అతనిది. తాత నాటి పటం పీలికలైపోతే కొత్తది గీయమని ఇస్తారి వచ్చి సిద్దిరాములు గడప తొక్కాడు. ఈ పనికి ఒక కట్టడి ఉంది. పాత పటం ఇంట్లో ఉండగా కొత్తదానికి కళ్లు తెరవకూడదు. అందుకే ఇస్తారి పాతదాన్ని చెన్నూరు దగ్గర గోదావరిలో కలిపి, తలస్నానం చేసి, ఏడ్చుకుంటూ తిరిగొచ్చాడు. ఇక కొత్త పటంలో కనుపాపలు పెట్టడం ఒక్కటే మిగిలింది. కథకుడి ఇంటిల్లిపాదీ ఎదురుగా కూర్చుంటే, మేకను కోశాక, గీసినవాడు ఆ పని చేస్తాడు. దేవుడి తొలిచూపు కథ చెప్పేవాడి మీద పడాలి. అప్పటిదాకా అది ఉత్త గుడ్డ, గీసినవాడి సొత్తు.

సరిగ్గా ఆ సందులో చిత్రశాల కార్యదర్శి జీపు దిగాడు. కళ్లు లేని ముఖాలు చూసి నోరు వెళ్లబెట్టాడు.

"వీటికి కళ్లు పెట్టకయ్యా. ఇట్లాగే అద్భుతం. హైదరాబాదులో చదువుకున్న చిత్రకారులు ఇలాంటిదే గీయాలని తంటాలు పడుతున్నారు. నీ పేరు పెద్దక్షరాలతో రాయిస్తాం," అని శాలువా కప్పాడు.

సిద్దిరాములు ఉబ్బిపోయాడు. తాత గీశాడు, తండ్రి గీశాడు. ఏ పటం మీద వాళ్ల పేరుంది? నాలుగు రోజులు గోడకు వేలాడితే గుడ్డకేం పోయింది, తెచ్చి కళ్లు తెరుద్దాం అనుకున్నాడు. శాలువా కప్పించుకుంటే పటం ఇచ్చేసినట్టేనని అవతలివాడు లెక్కేసుకుంటాడని తట్టనేలేదు. ఇస్తారితో మాత్రం, "రంగు ఆరలే తమ్మీ, జర ఆగు," అన్నాడు.

అట్టముక్క చూశాక మత్తు దిగింది.

"సారూ, పటం ఇయ్యుండ్రి. అది కథ చెప్పేటోనిది," అని బతిమాలాడు.

"శాలువా కప్పాం కదా! ఇంకెక్కడి పటం? అది చిత్రశాలది," అన్నాడు కార్యదర్శి.

సిద్దిరాములు మళ్లీ మళ్లీ వెళ్లాడు. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఆ గుడ్డి ముఖాల ముందు నిలబడి, ఈ కాలపు మనిషి ఒంటరితనం గురించి మాట్లాడుకుంటుంటే మూలన నిలబడి వినేవాడు. వాళ్ల మీద కోపం రాలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

ఎండలు ముదిరాయి. కథల కాలం వచ్చింది. ఇస్తారీ వచ్చాడు.

"ఆరిందానే అన్నా?"

సిద్దిరాములు ఇక దాచలేక జరిగింది చెప్పేశాడు. ఇస్తారి కొట్టలేదు, తిట్టలేదు.

"పాతది గోదారి గంగల కలిపిన. కొత్తది నువ్వు గడిల పెడితివి. పటం లేకుంట సాలోళ్ల వాకిట్ల ఏం ముఖం పెట్టుకొని నిలవడాలె?" అని లేచి పోయాడు.

ఆ ఏడు పద్మశాలీలు ఇంకో కథకుణ్ని పిలిపించుకున్నారు. ఇస్తారి పెళ్లాంబిడ్డలతో మంచిర్యాల పక్కనున్న నస్పూర్ పోయి బొగ్గుబాయిలో చేరాడు.

ఆ మాట చెవిన పడ్డ మర్నాడు సిద్దిరాములు కుంచె, నల్లరంగు రొండిన దోపుకుని చిత్రశాలకు నడిచాడు. వాచ్‌మన్ తిండికి పోయిన వేళ చూసి భావనారుషికి కళ్లు పెట్టాడు. కళ్లు తెరిస్తే పటం కథకుడిది, ఇక ఎవడాపుతాడు అన్నది ఒక్కటే అతని బుర్రలో ఉంది. రెండో కన్ను ముగించి పక్కకు జరిగేసరికి పటానికి ఎదురుగా గుమ్మంలో వాచ్‌మన్ ఉన్నాడు.

కార్యదర్శి నెత్తి కొట్టుకున్నాడు. "నాశనం చేశావు కదయ్యా! జాతర బొమ్మ చేసి పెట్టావు!" అని పటాన్ని ఊడబీకించి వాకిట్లో పారేయించాడు. సిద్దిరాములు దాన్ని చుట్టి భుజాన వేసుకున్నాడు. మెడపట్టి గెంటించుకుని అంత సంబరపడ్డ మనిషి మరొకడు ఉండడు. ఇంటికైనా పోకుండా మంచిర్యాల బస్సెక్కాడు.

ఇస్తారి అప్పుడే బాయి నుంచి వచ్చి కూర్చున్నాడు. కళ్ల చుట్టూ మసి. పటం చూడగానే లేచి చేతులు కడుక్కున్నాడు. ఇస్తారి భార్య కొమురవ్వ ఉరికి పోయి దీపం ముట్టించింది. పటం కొద్దిగా విప్పగానే భావనారుషి ముఖం కనబడింది.

"కండ్లు తెరిచినవా అన్నా?"

"తెరిచిన తమ్మీ. గందుకే వాళ్లు ఇడిసిపెట్టిండ్రు."

"ఎదురుంగ ఎవలున్నరు?"

అబద్ధం ఆడితే సరిపోయేది. రంగు ఆరలేదని అన్నాళ్లు చెప్పిన నోరే అది. కానీ విప్పిన పటం ముందు ఆ నోటికి అబద్ధం రాలేదు.

"వాచ్‌మన్," అన్నాడు.

ఇస్తారి పటాన్ని మళ్లీ చుట్టాడు. తొందర లేకుండా, పసిగుడ్డును పొత్తిళ్లలో చుట్టినట్టు చుట్టి, రెండు చేతులా ఎత్తి సిద్దిరాములు ఒళ్లో పెట్టాడు.

"గట్లయితే గిది వానిదే అన్నా. కథ గూడ వాన్నే చెప్పుమను," అన్నాడు. కొమురవ్వ వైపు తిరిగి దీపం ఆర్పమన్నాడు.