తుప్పు మీద రంగు వెయ్యని మేనత్త

మా మేనత్తను ఊరంతా బ్రష్షత్త అంటారు. నది మీది ఇనుప వంతెనకు రంగు వెయ్యడం ఆవిడ ఉద్యోగం. మనిషి పిడికెడు, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆ పట్టువల్ల ఇంట్లో మేం పడ్డ అవస్థలు చెప్పుకుంటే తరగవు.

ఆ వంతెనను ప్రభుత్వం యాభై ఏళ్ల అప్పు తెచ్చి కట్టింది. ప్రారంభం రోజున మంత్రిగారు, "దీనిమీద మీ మనవలు కూడా నడుస్తారు, కాబట్టి వాళ్లూ కొంత కడతారు" అన్నారట. జనం చప్పట్లు కొట్టి ఇళ్లకెళ్లి మర్చిపోయారు. ఆ గుంపులో ఉన్న మా అత్త మర్చిపోలేదు. మరుసటి ఏడే రంగుల పనిలో చేరింది.

ముందు తీగబ్రష్షుతో ఇనుము మెరిసేదాకా తుప్పు గీకాలి. తర్వాత మళ్లీ తుప్పు పట్టకుండా ఎర్ర ప్రైమరు పూత, ఆపైన రంగు. రోజులో ముప్పాతిక వంతు గీకడానికే పోతుంది. వంతెన కింద వేలాడే పలక మీద కూర్చుని, నడుముకు తాడు కట్టుకుని, ఎవరి కంటా పడని బోల్టులను గీకుతూ ఆవిడ సగం జీవితం గడిపింది.

కిందటేడు బడ్జెట్‌లో లోటు బాగా పెరిగింది. వచ్చేదానికంటే ఖర్చెక్కువ, ఆ తేడాకు కొత్త అప్పు, పాత అప్పు వడ్డీ కట్టడానికి మరో అప్పు. ఎక్కడో ఒకచోట కొయ్యాలి కదా, నోరులేని వంతెన దొరికింది. పన్నెండుమంది రంగులవాళ్లలో ముగ్గురు మిగిలారు. గీకుడు, ప్రైమరు రద్దు. రోడ్డు మీంచి కనపడేంత మేర ఒక్క పూత వేస్తే చాలని ఉత్తర్వు వచ్చింది.

"తుప్పు మీద రంగా? నావల్ల కాదు సార్," అంది అత్త ఇంజనీరుతో.

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా? పైనుంచి వచ్చింది. రిటైరయ్యే ముందు ఎందుకొచ్చిన గొడవ?"

ఆయన మంచివాడే, పాపం. అత్త గొడవ పడలేదు. అంతకంటే పెద్దపనే చేసింది. మిగిలిన ఇద్దరినీ, గోదాములో మిగిలిన ప్రైమరు డబ్బాలనీ తీసుకుని కిందికి దిగిపోయింది. వానలు పడేలోగా కింది అతుకులన్నీ పూర్తి చెయ్యాలని పంతం. పై రెయిలింగు వైపు కన్నెత్తి చూడలేదు.

ఆర్థిక శాఖ అధికారి తనిఖీకి వచ్చి రెయిలింగు మీద చెయ్యి వేస్తే పాత రంగు పెచ్చులు అరచేతికి అంటుకున్నాయి. అత్తను పైకి పిలిపించారు. క్యారియరు ఇవ్వడానికి వెళ్లిన నేను అక్కడే ఉన్నాను.

"చెప్పిన చోట మానేసి, చెప్పని చోట చేశారు. ఏమిటిది?"

"ఈ వంతెన అప్పు తీరడానికి ఇంకా ఎన్నేళ్లుంది సార్?"

"పద్నాలుగు."

"మీరన్నట్టు పైపూత వేస్తే అతుకులు ఆరేళ్లు కూడా ఆగవు. ఆ తర్వాత లేని వంతెనకి మా పిల్లలు కిస్తీలు కట్టాలా?"

ఆయన అరచేతికంటిన పెచ్చులు దులుపుకున్నాడు. "మీరు చెప్పింది తప్పని నేననను. కానీ నన్నడిగేది ఈ ఏటి లోటు ఒక్కటే," అన్నాడు. అత్త ఇంక్రిమెంటు కోసేసి వెళ్లాడు.

నాకు ఒళ్లు మండింది. "బుద్ధుందా అత్తా నీకు? రేపు పింఛను కూడా తగ్గుతుంది. వంతెన నీ ఒక్కదాని సొత్తా?"

"తగ్గితే నేనొక్కదాన్నే సర్దుకుంటానే. ఇది కూలితే నీ కూతురు కిస్తీలు కడుతుంది, ఎక్కకుండానే."

నా కోపం తగ్గలేదు. కానీ ఆవిడ నా మేనత్త అయినందుకు గర్వంగా అనిపించింది, ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

మర్నాడు నా కూతుర్ని బళ్లో దింపడానికి వంతెన మీద నడిపించుకుపోతున్నాను. అత్తను అమ్మమ్మ అని పిలిచే ఆ పిల్ల రెయిలింగు చూసి మొహం చిట్లించింది.

"అమ్మమ్మ వంతెన ఎంత పాడుగా ఉందో చూడమ్మా!"

అత్తకు ఆ మాట వినపడి ఉండదు. సరిగ్గా మా కాళ్ల కింద, చివరి అతుకు దగ్గర, బరబరా గీకుతూ ఉంది.