ఆసిడ్ పోసినవాడు, పైపు తిప్పినవాడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ దసరాకి రెండు రోజుల ముందు దాన్ని ఒక మనిషి చెంప మీద దించాను.

మణికొండలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ అడుగున, కార్ల పార్కింగ్‌కి కూడా కింద, మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు చూసుకునేవాణ్ణి. మురుగును తినేది మిషన్లు కాదు, కంటికి కనపడని క్రిములు. మొదట్లో ఆవుపేడ, బెల్లం కలిపి పోసి వాటిని పెంచింది నేనే. ట్యాంకు టీ రంగులో ఉండి తడిమట్టి వాసన వేస్తే అవి బాగున్నట్టు. ఆ రోజు వెళ్లేసరికి నల్లటి నీళ్లు, కుళ్లిన గుడ్ల కంపు. అన్నీ చచ్చాయి.

పండక్కి బాత్రూములు మెరవాలని క్లీనింగ్ సూపర్‌వైజర్ రెండు టవర్లలోనూ క్యాన్లకు క్యాన్లు ఆసిడ్ పోయించాడు. వద్దురా నాయనా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! దున్నపోతు మీద వాన. మెట్ల దగ్గర దొరికితే కాలర్ పట్టుకుని లాగి కొట్టాను. పెదవి చిట్లి రక్తం వచ్చింది. వాడు చెయ్యెత్తలేదు. అయినా నా కసి తీరలేదు.

వేరే ప్లాంటు నుంచి క్రిములు బతికున్న బురద తెచ్చి పోస్తే పదిరోజుల్లో కోలుకుంటుంది, అప్పటిదాకా మురుగును ట్యాంకర్లలో పంపిద్దాం అని అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీగారికి చెప్పాను. ఆయన కోస్తా పెద్దమనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు.

"పండక్కి చుట్టాలొస్తున్నారయ్యా, ఈ కంపేంటి? ఆ వాననీటి కాలువలోకి తిప్పేయ్, ఎవడు చూడొచ్చాడు? నీ వల్ల కాదంటే చెప్పు, రేపటికి ఇంకొకణ్ణి చూసుకుంటాం."

ఆ కాలువ పోయేది చెరువులోకి. చెరువులో చేపలు పెంచేది మా బావ, అంటే అక్క మొగుడు. వాళ్ల ఇల్లు గడిచేదే ఆ చేపల మీద. చెరువు పొర్లితే ఆ నీళ్లు మూసీలో కలుస్తాయి. ఇవన్నీ నాకు తెలుసు. సూపర్‌వైజర్‌ను కొట్టిన చెయ్యి సెక్రటరీ ముందు లేవలేదు. పైపు మీది ఇనుప చక్రం తుప్పుపట్టి కదలకపోతే, రాడ్డుతో బాది బాది మరీ తిప్పాను. థూ, నా బతుకు.

పండగ పొద్దున బావ ఫోన్ చేశాడు. చేపలన్నీ తేలాయట, నీళ్లు మా వైపు నుంచే వచ్చాయట. ఆసిడ్ పోశారు బావా, సూపర్‌వైజర్ పోయించాడు అన్నాను. అబద్ధమేం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అరగంటలో బావ పడవ తెడ్డు పట్టుకుని వచ్చాడు. సూపర్‌వైజర్‌ను గేటు దగ్గరే నేలకేసి కొట్టాడు. వీపు మీద, భుజం మీద, అడ్డం పెట్టిన చేతి మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. పది అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాను నేను.

"ఆసిడ్ పోసిన మాట నిజమే అన్నా," అన్నాడు వాడు నేల మీది నుంచే. "చెరువుల ఇడిసింది నేను కాదు."

నా వైపు చూడనైనా లేదు. తెడ్డు మళ్లీ లేచింది. అప్పుడు వెళ్లి అడ్డం పడ్డాను.

"పైపు తిప్పింది నేను బావా. నన్ను కొట్టు."

తల వంచుకుని నిలబడ్డాను. దెబ్బ పడలేదు. కొట్టు బావా అని మళ్లీ అడిగాను, సిగ్గులేకుండా బతిమాలాను. బావ తెడ్డు పక్కన పడేశాడు.

"నిన్ను కొడితే ఏమొస్తదిరా. పోయి మీ అక్కకు నువ్వే చెప్పు."

సూపర్‌వైజర్‌ను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది కూడా బావే. నేను చెరువుకు నడిచాను. అక్క మోకాలిలోతు నీళ్లలో నిలబడి చచ్చిన చేపలను ఏరుతోంది. సాయానికి వచ్చాననుకుంది.

"వచ్చినవా తమ్మీ. జర గీ గంప పట్టు."

పట్టుకున్నాను. గంప నిండాక, పైపు తిప్పింది నేనేనని చెప్పాను.

అక్క నా చేతుల్లోంచి గంప తీసుకుని, అవతలి ఒడ్డుకు పోయి ఏరడం మొదలుపెట్టింది.