కాకి తన్నినవాడు, మునగని ఓడ

మా ఆయనకి చచ్చిపోవాలని పట్టుదల వచ్చింది. నిజంగా కాదు, అబద్ధానికి. కానీ ఆ అబద్ధపు చావు కోసం ఆయన పడిన పాట్లలో సగం పడితే మనిషి హాయిగా నూరేళ్ళు బతకొచ్చు.

ఆయన కువైట్‌లో షర్క్ చేపల మార్కెట్‌లో చేపలు కోస్తారు. నేను మనవాళ్ళెక్కువుండే అబ్బాసియాలో ఒక టైలరింగ్ షాపులో కుడతాను. ఇద్దరిదీ కోనసీమే. ఒకరోజు ఆయన చేప తలకాయలూ పేగులూ ఉన్న బుట్ట పట్టుకుని బయట పారబోయడానికి వెళితే, వాటికోసం కాచుకున్న కాకుల్లో ఒకటి నెత్తిమీద తన్ని పోయింది. పక్కనున్న ఈజిప్టు ఆయన నవ్వాడట. బంగ్లాదేశ్ అతను తుడుచుకోమని టిష్యూ ఇచ్చాడట. మా ఆయన మాత్రం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "అయిపోయిందే, కాకి తన్నేసింది," అన్నారు.

మావైపు కాకి తల మీద తన్నితే ప్రాణగండం అంటారు. దానికి విరుగుడు కూడా ఉంది. ఆ మనిషి పోయాడని దూరాన ఉన్న రక్తసంబంధీకులకి అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు ఏడవాలి. ఆ ఏడుపుతో గండం కొట్టుకుపోతుంది. తర్వాత అసలు సంగతి చెబితే వాళ్ళు నాలుగు తిట్టి, స్నానం చేసి, అన్నం తింటారు.

ఉత్తప్పుడైతే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. కానీ అప్పటికే ఆయన గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయని, ఆపరేషన్ చేసి తీసేయాలని ఆసుపత్రిలో చెప్పి, రోజు కూడా ఇచ్చారు. కళ్ళు పచ్చబడుతున్నాయి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదకొస్తుందని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది. ఈయనేమో "కాకి తన్నిన తలకాయేసుకుని కత్తి కిందకెళ్ళనే," అని భీష్మించుకున్నారు. పొద్దుగూకులూ కత్తి పట్టుకునే మనిషి! ఆపరేషన్ రోజు వచ్చింది, పోయింది. ఆయన మంచం దిగలేదు. మళ్ళీ ఇంకో రోజు ఇచ్చారు. నాకు భయం వేస్తే ఏడుపు రాదు, నోరు లేస్తుంది. ఆ వారమంతా మా ఫ్లాట్‌లో నా గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆయనకి రక్తసంబంధం అంటూ మిగిలింది ఒక్క అక్క, మా వదిన. ఆవిడకి చావు కబురు చెప్పడం నా వల్ల కాదన్నాను. కట్టుకున్న మొగుడు పోయాడని నా నోటితో అబద్ధానికైనా ఎలా అంటాను? అందుకని పక్క గదిలో ఉండే కడపాయన్ని పట్టుకున్నాం. ఆయన ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు, మెత్తటి మనిషి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"అమ్మా, కువైట్ నుంచి మాట్లాడతాండా. గుండె దిటవు చేసుకోండి తల్లీ. మీ తమ్ముడు పోయినాడు."

అవతల నుంచి వదిన గొంతు నిదానంగా వచ్చింది. "ఎప్పుడండీ?"

"పొద్దన్నే తల్లీ."

"పొద్దున్నే పోయినోడు నేనిప్పుడు పెట్టిన రొయ్యల ఏపుడు ఫోటోకి బొటనేలు ఎలాగెట్టాడండీ?"

ముగ్గురం ఉన్నాం గదిలో. ఇద్దరం ఆయన వైపు చూశాం. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని దొంగచూపులు చూస్తున్నారు. అక్క ఏం పెట్టినా వెంటనే బొటనవేలు పెట్టడం ఆయనకి అలవాటు. చావు కూడా ఆ అలవాటు మాన్పించలేకపోయింది.

"ఆడికియ్యండి ఫోను," అంది వదిన. తర్వాత ఆవిడ తిట్టిన తిట్లకి కడపాయన మొహం ఎర్రబడింది. దేనికైనా మంచిదని రెండు రోజులు మా వంక చూడలేదు.

సరిగ్గా అప్పుడే మా షాపుకి ఒక టీవీ సీరియల్ వాళ్ళ బేరం వచ్చింది. రంజాన్ నెలలో వేసే సీరియల్. కథ టైటానిక్ ఓడ మీద. ఎప్పుడో వందేళ్ళ పైమాట, మంచుకొండని గుద్దుకుని మునిగిపోయిన ఆ ఓడేనట. పాతకాలపు కోట్లు, గౌన్లు, నీళ్ళలో వేసుకునే లైఫ్ జాకెట్లు కుట్టాలి. మూడో తరగతి ప్రయాణికులుగా నిలబడడానికి మనుషులు కూడా కావాలన్నారు. మొదటి తరగతికి తెల్లగా ఉన్న లెబనాన్ వాళ్ళు దొరికారట. మూడో తరగతికి అబ్బాసియా చాలన్నారు.

నేను ఇంటికొచ్చి ఈ మాట అనగానే మా ఆయన లేచి కూర్చున్నారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నారు. "మునిగిపోయే ఓడంటే చచ్చిపోయే ఏషమే కదే! నేను నీళ్ళలో చచ్చి తేలతాను. నువ్వు వీడియో తియ్యి. అక్కకి పంపుదాం. కళ్ళతో చూత్తే ఏడవకుండా ఎలాగుంటది?"

"వేషమని తెలుస్తుంది కదండీ."

"శాస్త్రం ఏడవమంది గానీ నమ్మమందా?"

మాట తీసుకున్నాను. ఈ తతంగం అయిపోగానే ఆపరేషన్‌కి రావాలి. తల మీద చెయ్యి పెట్టించుకున్నాను, కాకి తన్నిన తల మీదే.

ఆయన కోటు నేనే కుట్టాను. కొలతలు తీయలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన చొక్కాలు కుడుతున్నాను, ఛాతీ, భుజం, పొడవు నాకు నోటికి వచ్చు. లైఫ్ జాకెట్ దగ్గరే గొడవ. "నా దాంట్లో థర్మాకోల్ తక్కువెట్టు, మునగాలి," అని ఆయన. సరేనని అందరికంటే రెట్టింపు కుక్కి కుట్టేశాను. నా మొగుణ్ణి నా కుట్టుతో ముంచుకుంటానా?

శుక్రవారం షూటింగ్. సముద్రపు ఒడ్డున ఎవరిదో విడిది ఇల్లు, దాంట్లో స్విమ్మింగ్ పూల్. అదే అట్లాంటిక్ మహాసముద్రం. ఓడ అంటే ప్లైవుడ్‌తో చేసిన ఒక మూల, దాని వెనక ఆకుపచ్చ గుడ్డ. మిగతా ఓడ కంప్యూటర్‌లో వస్తుందట. మంచుకొండ థర్మాకోల్ ముక్క, గాలికి ఎగిరిపోకుండా ఇద్దరు కేరళ వాళ్ళు వెనక కూర్చుని పట్టుకున్నారు. బయట ఎండ పెనం మీద నిలబడ్డట్టుంది. మా అబ్బాసియా జనం మొహాలకి తెల్లపొడి రాసుకుని, ఉన్ని కోట్లు వేసుకుని, చలికి వణుకుతున్నట్టు వణకాలి. చెమటకి పొడి కారిపోయి, అందరూ సున్నం వేసి వానలో వదిలేసిన గోడల్లా తయారయ్యారు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఈ సీరియల్లో ఓడ మునగదు. ఒక కువైట్ ముత్యాల వ్యాపారి కూతురు ఆ ఓడెక్కుతుంది. ఆవిడ దగ్గర సీసా, సీసాలో జిన్, అరబ్బు కథల్లోని భూతం. ఓడ పగిలి జనం నీళ్ళలో పడగానే జిన్ బయటికొచ్చి చెయ్యెత్తుతాడు. ఓడ అతుక్కుంటుంది, అందరూ బతికేస్తారు.

మా ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. సరాసరి దర్శకుడి దగ్గరికి వెళ్ళి, "సర్, మేరేకో మార్ దో," అన్నారు. నన్ను చంపెయ్యండి సారూ అని.

దర్శకుడు కువైటీ. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు తలా కొంచెం కలిపి చెప్పాడు. "మాఫీ మౌత్. చావుల్లేవు. రంజాన్ నెల. జనం పిల్లాపాపలతో ఇఫ్తార్ తింటూ చూస్తారు. ఒక్కళ్ళు కూడా చావకూడదు."

"ఒక్కణ్ణే సర్. మూలకి చస్తాను. ఎవరికీ అడ్డం రాను."

"నా దగ్గరికి అందరూ పెద్ద వేషం ఇమ్మని వస్తారు. నీకు చావెందుకు?"

మా ఆయన కాకి కథంతా చెప్పారు. దర్శకుడు సగంలో చెయ్యెత్తి, "యల్లా, నీళ్ళలోకి!" అన్నాడు.

అందరూ పూల్‌లో దిగారు. గుండెల లోతే. తాడుకి వేలాడుతున్న జిన్ చెయ్యెత్తాడు. మూడో తరగతి మొత్తం ఒక్కసారి లేచి కేరింతలు కొట్టింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా ఆయన కళ్ళు మూసుకుని వెల్లకిలా తేలుతున్నారు. "కట్!" అన్నాడు దర్శకుడు. మళ్ళీ తీశారు, మళ్ళీ చచ్చారు. ఆయన్ని తీసేయమన్నారు. ఇద్దరు లాగబోతే నా థర్మాకోల్ దెబ్బకి బెండులా జారిపోయి మధ్యలోకి వెళ్ళారు. మళ్ళీ తీస్తే, ఈసారి జిన్ వేషగాడే చెయ్యెత్తడం మర్చిపోయి ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు.

నేనూ చూశాను. కోటు నీళ్ళలో చుట్టూ పరుచుకుంది. ఆయన మొహం మాత్రం మధ్యలో కదలకుండా ఉంది. నాటకమని నాకంటే ఎవరికి తెలుసు? అయినా నా చెయ్యి నా ప్రమేయం లేకుండా మెళ్ళో సూత్రాల మీదకి పోయింది. ఫోన్‌లో వీడియో అందుకే కొంచెం వణికింది.

దర్శకుడు మానిటర్‌లో చూసుకుని గెడ్డం గోక్కున్నాడు. "ఇది బావుంది. జిన్ కూడా అందర్నీ కాపాడలేడు. ఖలాస్, ఇతను పోయాడు," అన్నాడు. మా ఆయన నీళ్ళలోంచి లేచి ఆయనకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

వీడియో వదినకి వెళ్ళింది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. ఎంతసేపటికో నవ్వే బొమ్మలు వచ్చాయి, వరసగా. తర్వాత వదినే వీడియో కాల్ చేసింది. వెనక పిల్లలు "మావయ్య దొరలాగున్నాడు" అని పడీ పడీ నవ్వుతున్నారు. వదిన కూడా నవ్వుతోంది. మా ఆయన ఫోన్ నాకిచ్చేసి గోడ వైపు తిరిగి పడుకున్నారు. "ఇంకేం ఆపరేషనే," అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు విసిరేస్తుంటే మళ్ళీ ఫోన్. ఈసారి వదిన ఒక్కతే ఉంది.

"అమ్మాయ్, నువ్వు కుట్టిందేనా ఆ కోటు?"

"ఆయ్, నేనే వదినా."

"మరి ఆడి ఒంటి మీద అలాగ ఏలాడతందేటే? ఆపి ఆపి చూశాను. మెడ కాడ రెండు గుంటలు. ఆ కోటులో ఇద్దరు పడతారు కదే. ఏమైపోయాడే నా తమ్ముడు..."  ఆవిడ ఏడుస్తోంది. పైకి, ఆపుకోలేక.

మా ఆయన ఒక్క ఉదుటున లేచి ఫోన్ లాక్కున్నారు. "ఏడుత్తన్నావా అక్కా? నిజంగానేనా? ఏడు, ఇంకొంచెం ఏడు!" మొహం వెలిగిపోతోంది. "ఏడ్చిందే! నీళ్ళు కారతన్నాయి, చూడు!"

నేను చూడలేదు. ఆయన చొక్కా భుజం దగ్గర కుట్టు చేతి మీదకి ఎక్కడిదాకా జారిందో చూస్తున్నాను.

మాట తప్పలేదు ఆయన. ఇచ్చిన రోజుకి పెళ్ళికొడుకులా తయారై వెళ్ళి కత్తి కింద పడుకున్నారు. తీసిన రాళ్ళు చిన్న సీసాలో వేసి ఇచ్చారు. దాంట్లోంచి మాత్రం జిన్ రాలేదు. ఆయన తిండి మొదలుపెట్టారు, చెంపలు కొంచెం నిండాయి.

అప్పుడు సీరియల్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. రంజాన్‌లో చావు కుదరదని ఛానల్ వాళ్ళు ఒప్పుకోలేదట. చచ్చినవాడొచ్చి బతకాలట. పాత కోటు ఆ రోజే క్లోరిన్ నీళ్ళకి పాడైపోయింది, కొత్తది కావాలి.

ఈసారి టేపు తీశాను. "నా కొలతలు నీకు నోటికొచ్చు కదే," అన్నారు ఆయన, చేతులు చాపి నిలబడి. "నోర్ముయ్యండి," అని ఛాతీ కొలిచాను, భుజం కొలిచాను, మెడ రెండుసార్లు కొలిచాను.

పూల్ దగ్గర, బట్టలు సరిచూసే సీరియల్ వాళ్ళమ్మాయి పాత ఫోటో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చచ్చినప్పుడు కోటు వదులుగా ఉంది, బతికేటప్పుడు సరిగ్గా ఉంది, చూసేవాళ్ళు కనిపెడతారు, వెంటనే కుట్లు విప్పి వదులు చెయ్యి అంది.

నేను కత్తెర సంచిలో వేసి జిప్పు లాగేశాను.

"అంత పెద్ద ఓడని అతికించినవాడు కోటు బిగించలేడా?" అన్నాను. "అడిగితే జిన్ చేశాడని చెప్పండి. నేను మాత్రం విప్పను."