అంజినమ్మ అయిదు పాసైంది

మాదప్ప రాళ్ళు కొట్టేవాడు. కెలవరపల్లికి అవతల ఏటి ఒడ్డునున్న గుట్ట మీద తాతల నాటి నుంచీ వాళ్ళకు అదే పని. రోలు కావాలన్నా తిరగలి కావాలన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అతన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే రోడ్డును వెడల్పు చేసిన రోజుల్లో మాత్రం రోళ్ళు పక్కన పెట్టి కంకర కొట్టడానికి పోయాడు. మెతక మనిషి. జన్మకంతా ఆడింది ఒకటే అబద్ధం, అదీ కూతురి చదువు కోసం. పాపం, అదే అతని ఇంట్లో తిష్ట వేసుకుని కూర్చుంది.

అతనికి ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది అంజినమ్మ, చిన్నది కాళమ్మ. పెద్దది మూడో తరగతిలో ఉండగా బడి నుంచి వానలో తడిసి వచ్చి, జ్వరంతో పడుకుని, తొమ్మిదో రోజున కన్నుమూసింది. బడే తన బిడ్డను మింగిందని, చిన్నదాన్ని ఆ గడప తొక్కనివ్వనని వాళ్ళ తల్లి తిమ్మక్క మొగుడికి తెగేసి చెప్పింది. అందుకని కాళమ్మ పలక పట్టలేదు. తండ్రి వెంట రోడ్డు పక్కనున్న కంకర కుప్పల దగ్గరికి పోయి ఆడుకునేది.

ఆ కుప్పల్ని కొలవడానికి ఒక మేస్త్రీ వచ్చేవాడు. పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో పట్టి, పుస్తకంలో వేసుకుని, పెదాలు కదిలిస్తూ గుణించుకునేవాడు. ఎనిమిదేళ్ళ కాళమ్మ పక్కనే గొంతుక్కూర్చుని, ఆయన పెన్సిలు ఎత్తకముందే జవాబు చెప్పేసేది. మేస్త్రీ మొదట్లో నవ్వాడు. తర్వాత కసిరాడు. ఒకరోజు ఆ పిల్ల కుప్ప చుట్టూ ఒక తిరుగు తిరిగి వచ్చి, ఇది కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం కదా, కింది కొలతే పట్టుకుంటే లేని రాయిని కూడా ఉన్నట్టు రాసినట్టే అని చెప్పింది. కొలత తగ్గితే కూలి తగ్గేది తన తండ్రికే అన్న ధ్యాస కూడా లేదు దానికి! మేస్త్రీ టేపు చుట్టుకుంటూ, ఇది నీ బిడ్డేనా అని మాదప్పను అడిగాడు.

ఊరి బడికి ఒక్కడే అయివారు, కదిరప్ప. మాదప్ప పిల్లను తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టాడు. ఆయన పెద్ద పిల్లల పుస్తకంలోని లెక్కలు అడిగాడు, పిల్ల చెప్పింది. ఆయన తనకే సరిగ్గా రాని లెక్క ఒకటి అడిగాడు, దానికీ చెప్పింది. కదిరప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పటి నుంచి ఎనిమిది నెలలు, సందెవేళ తన ఇంటి అరుగు మీద ఆ పిల్లకు అక్షరాలు నేర్పాడు. అది అయివారి ఇల్లే కదా, బడి కాదు కదా అని తిమ్మక్క ఊరుకుంది.

వేసవి సెలవుల్లో అయివారు మాదప్పను పిలిపించాడు. ఈ పిల్లకు చెప్పడానికి తన దగ్గర ఇంకేమీ మిగల్లేదనీ, హోసూరు పెద్ద బడికి పోవాల్సిందేననీ అన్నాడు. కానీ అక్కడ చేరాలంటే అయిదో తరగతి పాసైనట్టు కాగితం ఉండాలి. ఇప్పుడు ఒకటో తరగతిలో వేస్తే ఆ కాగితం వచ్చేసరికి పిల్లకు పదమూడేళ్ళు వస్తాయి. పదమూడేళ్ళ ఆడపిల్లను హోసూరుకు పంపే ఇల్లు ఆ ఊళ్ళో ఒక్కటీ లేదు. అంతవరకూ గడగడా చెప్పిన మనిషి, తర్వాత గొంతు తగ్గించాడు.

"అంజినమ్మ పేరు నేను కొట్టెయ్యలేదు మాదప్పా."

సంగతేమిటంటే, బడిలో ఇరవైమంది లేకపోతే మూసేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చి ఉంది. అంజినమ్మ పోయినప్పుడు ఉన్నది సరిగ్గా ఇరవైమంది. అయివారు ఆ పేరును రిజిస్టరులో అట్లాగే ఉంచి, రోజూ హాజరు వేస్తూ వచ్చాడు. హాజరు వేసినవాడు పాసు కూడా చెయ్యాలి కదా. బతికుండగా ఏడో ఎక్కం దాటలేని పిల్ల, పోయిన తర్వాత మూడు పాసైంది, నాలుగు పాసైంది, అయిదు పాసైంది. ఆ కాగితం ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.

మాదప్ప చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పెద్దకూతురు రెండేళ్ళుగా తను చూడకుండా బడికి పోయి వస్తున్నట్టే అనిపించి భయం వేసింది. అయినా ఆ కాగితం తీసుకున్నాడు. చిన్నదాని తలలో ఉన్నది కంకర కుప్పల దగ్గరే మట్టిపాలవుతుందన్న భయం ఆ భయాన్ని మించిపోయింది.

జూన్ నెలలో హోసూరు పెద్ద బడిలో హెడ్మాస్టరు పేరడిగితే, నేర్పినట్టే కాళమ్మ తొణక్కుండా అంజినమ్మ అంది. పదకొండేళ్ళ పిల్ల ఇంత చిన్నగా ఉందేమని ఆయన అడిగాడు. సరిగ్గా తిండి లేక ఎదగలేదు సామీ అన్నాడు మాదప్ప, వేలిముద్ర వేశాడు. పిల్లను హోసూరులోనే ఉండే తన అక్క ఇంట్లో వదిలి, తిమ్మక్కకు ఏం చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచించుకుంటూ నడిచి వచ్చాడు. చివరకు ఉన్నదున్నట్టే చెప్పాడు.

తిమ్మక్క ఏడవలేదు. "చచ్చినదాన్ని కూడా ఇడవకుండా బడికి పంపినావా?" అని మాత్రం అడిగింది.

అసలు చిక్కు భాద్రపద అమావాస్యకు వచ్చింది. ఆ రోజు ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ళకు ఆకు వేస్తారు. వాళ్ళకిష్టమైనవి వండి, కొత్త బట్ట పెట్టి, సాంబ్రాణి వేసి, పేరు పెట్టి మూడుసార్లు పిలిచి, తలుపు దగ్గరికి వేసి ఇంటివాళ్ళందరూ బయట కూర్చుంటారు. లోపల వాళ్ళు తింటారు. వాళ్ళు తినేదాకా బతికున్నవాళ్ళు ఆ ఆకును ముట్టరు. అంజినమ్మకు రెండేళ్ళు అట్లాగే తియ్యటి పూర్ణం పెట్టి ఓళిగలు చేసి, చిన్న పావడ ఒకటి మడిచి పెట్టి పిలిచారు. ఈసారి పిలవడమెట్లా? ఆ పేరు ఇప్పుడు బతికున్న పిల్లది. బతికున్నవాళ్ళ పేరును ఆకు ముందు పిలిస్తే ఆ మనిషి ఏడాది తిరక్కుండా చచ్చి ఆ ఆకు దగ్గరికే వస్తుందని ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పేరు లేకుండా పిలిస్తే ఎవరొస్తారో ఎవరికి తెలుసు? తిమ్మక్క పిండి కలిపి, పొయ్యి వెలిగించి, మళ్ళీ ఆర్పేసింది. ఆ ఏడు అంజినమ్మకు ఆకు పడలేదు.

ఆ తర్వాత కూడా పడలేదు. మధ్యాహ్నం సంగటి కెలికేటప్పుడు పెద్దది వచ్చి పొయ్యి పక్కన నిలబడుతుందనీ, ఏమీ అడగదనీ, ముద్ద వైపే చూస్తుందనీ తిమ్మక్క మొగుడికి చెప్పేది. మొదట్లో అతను కసురుకున్నాడు. తర్వాత కసరడం మానేశాడు. అంజినమ్మ ఉన్నప్పుడు గుట్ట మీదికి అతనికి సంగటి తెచ్చేది ఆ పిల్లే. ఎండ నడినెత్తికి వచ్చేసరికి సుత్తి ఆపి కాలిబాట వైపు చూడడం అతనికి అలవాటైపోయింది. ఒక్కోరోజు చిన్న కాళ్ళు గులకరాళ్ళ మీద పడే చప్పుడు గుట్ట సగం దాకా వచ్చి ఆగిపోయేది. తెచ్చేందుకు చేతిలో ఏమీ లేక ఆగిపోయిందేమో అనుకుని, ఆ రోజు అతను అన్నం తినలేకపోయేవాడు.

హోసూరులో మాత్రం అంజినమ్మ వెలిగిపోతోంది. లెక్కల అయివారు పైతరగతి పుస్తకాలు తెచ్చిచ్చేవాడు. నాలుగో ఫారంలో ఉండగానే బడి చివరి తరగతైన ఆరో ఫారం పిల్లలు ఆ పిల్ల దగ్గరికి వచ్చి లెక్కలు చెప్పించుకునేవాళ్ళు. ప్రైజులిచ్చే రోజున పేరు పిలిచినప్పుడల్లా చిన్నది గబగబా లేచి వెళ్ళేది. మాదప్పకు మాత్రం ఇంకెవరో లేచి వస్తారని గుండె గుబగుబలాడేది. సెలవులకు ఇంటికొస్తే పిల్ల తల్లితో ఎక్కువ మాట్లాడేది కాదు, నేల మీద బొగ్గుతో లెక్కలు వేసుకునేది. తిమ్మక్క వాటి మీద నీళ్ళు చల్లి అలికేసేది.

ఆరో ఏడు వచ్చింది. పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపుతున్నారు, తండ్రి వచ్చి వేలిముద్ర వెయ్యాలని కబురొచ్చింది. ఆ కాగితం మీద ఎక్కిన పేరే జన్మంతా ఉంటుందని మాదప్ప విన్నాడు. తిమ్మక్క అతని చెయ్యి పట్టుకుంది.

"ఈసారికైనా నా పెద్దదాని పేరు నాకు తెచ్చియ్యి. ఆరేండ్లాయ, నా బిడ్డ ఆకలితో ఉండాది."

మాదప్ప ముందుగా కదిరప్ప దగ్గరికి పోయాడు. ముసలి అయివారు లేచి తలుపు మూశాడు. ఇప్పుడు నిజం చెబితే తనను జైల్లో వేస్తారు, అది పోనీ, పిల్ల ఆరేళ్ళ చదువూ చెల్లదు, మళ్ళీ ఒకటో తరగతేనన్నాడు. మాదప్ప హోసూరుకు పోయి, బడి వరండాలో చాలాసేపు నిలబడ్డాడు. లోపల పిల్ల నల్లబల్ల ముందు నిలబడి, అయివారికి చేతకాని లెక్కేదో చేస్తోంది. అతను గుమాస్తా దగ్గరికి పోయి వేలిముద్ర వేసి, సెలవడిగి పిల్లను వెంట తీసుకుని ఇంటికొచ్చాడు. మర్నాడు భాద్రపద అమావాస్య.

వేలిముద్ర వేసి వచ్చినానని తిమ్మక్కతో చెప్పాడు. ఆమె సరేనంది, అంతే. పొద్దున్నే ఇల్లు అలికి, ఓళిగలు చేసింది. అయిదేళ్ళుగా చెయ్యని పని చేస్తుంటే, మనసు కుదుటపడిందేమోనని మాదప్ప సంతోషపడ్డాడు. ఆమె ఆకు వేసింది. పావడ మడిచి పెట్టింది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లింది. మాదప్ప వాకిట్లో ఉన్నాడు, పిల్ల గడప దగ్గర నిలబడి ఉంది. తిమ్మక్క ఆకు ముందు చేతులు జోడించి పిలిచింది.

"కాళమ్మా, రామ్మా. కాళమ్మా, తినుదువు రా. కాళమ్మా."

పిల్ల తలుపు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. "అమ్మా, నేను ఈడే ఉండాను కదా," అంది.

"నువ్వు అంజినమ్మవి," అంది తిమ్మక్క, వెనక్కి తిరక్కుండానే. "నిన్ననే కదా మీ నాయన రాయించి వచ్చినాడు. పోయిన దానికి ఒక పేరు కావాల కదమ్మా. మిగిలింది అదే."

ఇంకో తల్లి ఇంకో మాట అనేదేమో, నాకు తెలీదు. పిల్ల లోపలికి నడిచి, ఆకు ముందు కూర్చుంది. పిలిచినావు కదా, వచ్చినాను అని, ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుంది. తిమ్మక్క ఆ చెయ్యి పట్టుకోలేదు. పక్కన కూర్చుని ఇంకో ఓళిగ వడ్డించి, నెయ్యి వేసింది, నూనె రాసినట్టు మెల్లగా పిల్ల తల నిమిరింది. లే అమ్మా అని అరవాలని మాదప్పకు నోటిదాకా వచ్చింది. ఏ పేరు పెట్టి పిలిస్తే ఎవరు లేస్తారో తెలియక, వాకిట్లోనే నిలబడిపోయాడు.