నలభైన్నర గారి గీత

ఆయన చేయని తప్పుకి ఆయన ఉద్యోగం పోయింది. పోగొట్టింది సొంత అక్క మొగుడు. ఇంతకీ తప్పేమిటంటే, అరవై మూడు మంది మొహాలు మసకబారడం.

అప్పట్లో బావా బావమరుదులిద్దరూ ఒకే ఫొటో స్టూడియోలో పనిచేసేవారు. బావ ఫొటోలు తీసేవాడు. బావమరిది కెమెరాలు తుడిచి, లెన్సులు విప్పి, మళ్ళీ బిగించేవాడు. స్టూడియోలో పాత సోవియట్ కెమెరా ఒకటుండేది. దాని లెన్సు పేరు జూపిటర్. వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఇరుకు చోట్ల గుంపు ఫొటోలకి అదే దిక్కు. దాని మూతికి నలభైన్నర మిల్లీమీటర్ల ఫిల్టరే పడుతుంది. నలభై అయితే జారిపోతుంది, నలభై మూడైతే దూరదు. ఒక మధ్యాహ్నం బావమరిది ఆ కొలత ఫిల్టరు కోసం బజారంతా తిరుగుతుండగా, స్టూడియోలో బావకి ఫోకస్ రింగు మరీ బిగుతుగా ఉందనిపించింది. స్క్రూలు తీసి, మరలు విప్పి, నూనె రాసి, మళ్ళీ బిగించేశాడు.

చిక్కంతా ఆ బిగించడంలోనే ఉంది. సీసా మూతకి మర మొదలు ఒక్కటే. కళ్ళు మూసుకుని తిప్పినా సరిగ్గానే కూర్చుంటుంది. లెన్సు మరకి అలాంటి మొదళ్ళు ఐదారుంటాయి. ఎందులో పెట్టి తిప్పినా హాయిగా ఎక్కుతుంది. ఒక్కదాంట్లో ఎక్కితేనే ఫోకస్ కుదురుతుంది. అందుకే పని తెలిసినవాళ్ళు విప్పేముందు రెండు రింగుల మీదుగా సూదితో సన్నటి గీత గీసుకుంటారు. బిగించాక రెండు ముక్కలూ ఒకే గీతగా కలిస్తే సరి. జూపిటర్ మీద బావమరిది ఆ గీత ఎప్పుడో గీసి ఉంచాడు. గీత అనేది ఒకటుందని బావకి తెలియదు.

మర్నాడు ఒక కార్ఖానా పనివాళ్ళ గుంపు ఫొటో. ఇస్త్రీ చొక్కాలతో మూడు వరుసలు. ఫిల్ము కడిగి చూస్తే ఒక్క మొహమూ పోల్చుకునేలా లేదు. వెనక గోడలో ఇటుకలు మాత్రం లెక్కపెట్టుకోవచ్చు.

ఎవరి నిర్వాకమని యజమాని అడిగాడు. బావ అబద్ధమేమీ ఆడలేదు. "ఆ లెన్సు ఎప్పుడూ వాడి చేతిలోనే కదండీ ఉండేది" అన్నాడంతే.

బావమరిది లెన్సు పై పట్టీ తీసి, కలవని గీత చూపించాడు. "ఇది నేను బిగించింది కాదండీ. నేనైతే ఈ రెండూ కలిసుండేవి."

యజమాని భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. "ఓహో, దీనికి గీతలు కూడా పెట్టావా" అన్నాడు.

లెన్సు సొరుగులోకి పోయింది, బావమరిది వీధిలోకి వచ్చాడు. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది అక్క. ఆవిడ చెప్పింది విన్నాకే మనసు విరిగింది.

"చేసుంటే చేశానని చెప్పరా, నిన్నెవరు కొరుక్కుతింటారు? మీ బావ అబద్ధమాడే మనిషి కాదు."

అది మొదలు, అక్క ఒక్కసారి 'వీడు కాదు' అనుకుంటే చాలని ఆయన ఇరవై రెండేళ్ళు ఎదురుచూశాడు.

ఈలోగా బతకాలి కాబట్టి ఒక జెరాక్సు షాపు పైన గది తీసుకున్నాడు. కొత్త కెమెరాలకి పాత సోవియట్ లెన్సులు తగిలించుకునే సరదా ఎక్కడినుంచి ఊడిపడిందో కానీ, మెట్లెక్కి వచ్చేవాళ్ళు మెల్లగా పెరిగారు. గ్రీజు గట్టిపడి మైనంలా అయిపోయినవి, అద్దాల మీద బూజు సాలెగూడులా పాకినవి, ఎవరో కటింగ్ ప్లేయర్‌తో బలప్రయోగం చేసినవి, అన్నీ ఆయన బల్ల మీదికే వచ్చేవి. అన్నిటికీ కావలసింది మళ్ళీ ఆ ఫిల్టరే. మూతపడిన ల్యాబుల తుక్కులో, చచ్చిపోయిన ఫొటోగ్రాఫర్ల ట్రంకు పెట్టెల్లో వెతికేవాడు. కొత్త షాపుల్లో కూడా మొహమాటం లేకుండా అడిగేవాడు.

"నలభై ఉంది, నలభై మూడుంది. ఒక్క అర కోసం ఇంత పట్టుదలేంటన్నా?" అని ఒక షాపువాడు విసుక్కున్నాడు.

"పట్టుదల నాది కాదయ్యా, లెన్సు మరది" అన్నాడు.

ఆ షాపువాళ్ళే ఆయనకి నలభైన్నర అని పేరు పెట్టారు. వయసుతో గారు చేరింది.

ఇంకో రకం లెన్సుకి మూతి దగ్గర మరలే ఉండవు. ఫిల్టరుని ఊరికే తొడగాలి. వదులైతే రాలిపోతుంది, లోపల పట్టీ అంటించాలి. మెత్తటి గుడ్డ పట్టీ కోసం ఆయన ఒక టైలరమ్మ దగ్గరికి వెళ్ళాడు. మాటల్లో నలభైన్నర అన్నాడు.

"నడుమా, ఛాతీయా?" అంది ఆవిడ.

"మూతి."

ఆవిడ టేపు పక్కన పెట్టి ఆయన మొహంకేసి చూసింది. ఆరు నెలలకి పెళ్ళయింది.

ఇరవై రెండో ఏట బావ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. స్టూడియో మూసేశారు, సొరుగులో సామాను బావ వాటాకి వచ్చింది. సంచీలోంచి జూపిటర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏరా నలభైన్నరా, ఇంకా ఆ అర అలాగే ఉందా?"

"నీకు ఫోకస్ దొరికిందా బావా?"

ఇద్దరూ నవ్వారు. అలాంటి నవ్వులు వాళ్ళకి బాగా అలవాటు.

"ఊళ్ళో అందర్నీ తీశారు, నన్నెప్పుడైనా తీశారా అని మీ అక్క సాధిస్తోంది. దీంతో ఒక్క ఫొటో తీద్దామని. చూడు కాస్త."

నలభైన్నర గారు పై పట్టీ తీశారు. గీత రెండు ముక్కలూ దూరదూరంగా, అప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మధ్యలో ఎవరూ విప్పలేదు. భూతద్దం బావ చేతికిచ్చారు.

"అబ్బో, బాగా దుమ్ము పట్టింది" అన్నాడు బావ.

"దుమ్ము కాదు బావా, గీత."

"నాకు చత్వారం రా. గీతలూ అవీ కనిపించవు."

బావ వెళ్ళాక ఆయన లెన్సు మీద గాజు గ్లాసు బోర్లించి అలమరలో పెట్టారు. మూడు వారాలు ముట్టుకోలేదు. బాగుచేయాలంటే గీత కలపాలి. కలిపితే ఆయన నిర్దోషి అనడానికి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది.

"ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి" అంది భార్య.

"ఫొటోలో అది ఎవరి లెన్సయినా కావచ్చు."

"అయితే వదినని పిలిచి చూపించండి."

అక్కకి ఫోన్ చేశారు. "కళ్ళజోడు పెట్టుకున్నా సూదిలో దారం ఎక్కట్లేదు నాకు, నీ గీతలు నేనేం చూస్తానురా? ముందు బాగుచెయ్యి. మీ బావ రోజూ అడుగుతున్నారు" అని పెట్టేసింది.

నాలుగో వారం గ్లాసు తీశారు. ఎవర్నీ క్షమించి కాదు. లెన్సు తప్పు మరలో ఉందని తెలిసి, దాని పక్కనే కూర్చుని వేరే లెన్సు తుడవడం ఆయన వల్ల కాలేదు.

రబ్బరు బిరడా అదిమి ముందు రింగు తిప్పారు. బావ రాసిన నూనె లోపలి రేకుల దాకా పాకి ఉంది, దాన్ని పెట్రోలు దూదితో తుడిచారు. ఒక్కొక్క మర గాడినీ పుల్లతో గీకారు. గోరంత గ్రీజు రాసి, గీత చూసుకుని, సరైన మొదట్లో పెట్టి తిప్పారు. రెండు ముక్కలూ కలిశాయి. దాన్ని తన బల్ల మీది కెమెరాకి తగిలించి, ఫిల్ము ఉండే చోట మసక అద్దం పెట్టి, కిటికీలోంచి అవతలి మేడ మీద ఆరేసిన బట్టలకేసి చూశారు. క్లిప్పుల్లో స్ప్రింగులు కూడా కనిపించాయి. తర్వాత తన డబ్బాలోంచి ఒక నలభైన్నర ఫిల్టరు తీసి మూతికి బిగించారు.

అక్క ఇంటికి తనే పట్టుకెళ్ళారు. అక్క టీ ఇచ్చింది, లెన్సుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"చూశావా, పాడు చేసిన చేతులే బాగుచేశాయి. పోనీలే, ఇప్పటికైనా."

బావ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"చక్కెర ఎక్కువైందక్కా" అన్నారు నలభైన్నర గారు.

బావ అక్కని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫొటో తీశాడు. చెంగు సర్దుకోమన్నాడు, వద్దన్నాడు, మళ్ళీ సర్దుకోమన్నాడు. ఆ తర్వాత బావమరిదిని సాగనంపడానికి మెట్ల దాకా వచ్చాడు. ఒక చెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం కాలితో తడుముతూ, గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఆ రోజు అది విప్పింది నేనేరా."

ఇరవై రెండేళ్ళుగా ఆయన ఈ మాటని రకరకాలుగా ఊహించుకున్నారు. కొన్నిట్లో బావ ఏడ్చేవాడు. ఒకదాంట్లో కార్ఖానా వాళ్ళు అరవై మూడు మందీ వచ్చి వినేవారు. చెప్పు వెతుక్కుంటూ చెబుతాడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆయన రెండు మెట్లు దిగి ఆగారు.

"నాకెందుకు చెప్తావు బావా, నాకు తెలిసిందేగా" అన్నారు. "అక్క లోపలే ఉంది. తలుపు కూడా తీసే ఉంది."