తొవాయ్ తద్దినం

న్యాన్‌కు పక్కింటి మువాయ్ అంటే ఒళ్లు మంట. సాదెక్ ఊళ్లో నదిగట్టున ఆ రెండిళ్లకూ మధ్య ఒకటే చెక్కగోడ. ఇటు న్యాన్ తుమ్మితే అటు మువాయ్ మొహం చిట్లించేది. అటు మువాయ్ గిన్నె కింద పెడితే, తనమీద కోపంతోనే పెట్టిందని ఇటు న్యాన్ పళ్లు నూరేది.

తగవంతా కొడుకుల గురించే. అది 1968, యుద్ధకాలం. పద్దెనిమిది నిండిన ప్రతి మగపిల్లాణ్ణీ సైన్యంలోకి లాక్కుపోతున్నారు. మువాయ్ కొడుకు విన్‌ను సంతలో పట్టుకుని లారీ ఎక్కించారు. నాలుగు నెలలకు శవపెట్టెలో తిరిగొచ్చాడు. న్యాన్ కొడుకేమో రోజూ పొద్దున్నే వాకిట్లో బియ్యపు అప్పడాలు ఎండబెడుతూ కనిపించేవాడు. ఏ తల్లి మాత్రం ఓర్చుకుంటుంది?

"మీవాడు గడ్డం గీసుకుంటున్నాడట కదా వదినా! పదహారేళ్లకేనా?" అని గోడ అవతల నుంచి దెప్పేది మువాయ్.

"మా వంశంలో తొందరగా వస్తుందిలే. నీ పని నువ్వు చూసుకో."

నిజానికి వాడికి పందొమ్మిది. పేరు తొవాయ్. వాడి తమ్ముడు ఖాయ్ మూడేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయాడు. పల్లెలో పసివాడి చావును ఎవరు రాయిస్తారు? వాడి జనన పత్రం పెట్టెలో అలాగే ఉండిపోయింది. బాంబులకు ఊరు కాలిపోయి సాదెక్ చేరినప్పుడు న్యాన్ పెద్దాడి కాగితం పొయ్యిలో వేసి, చిన్నాడి కాగితం తొవాయ్ చేతిలో పెట్టింది. "ఇవాళ్టి నుంచి నువ్వు ఖాయ్‌వి. నిద్రలో లేపినా ఆ పేరుకే పలకాలి" అంది.

దాంతో చిన్నాడి తద్దినం ఆగిపోయింది. బతికున్నాడని చూపిస్తున్నవాడికి తద్దినం ఎలా పెడుతుంది? రెండేళ్లు పళ్లబిగువున ఊరుకుంది. మూడో ఏడు, పసివాణ్ణి పస్తు పెడుతున్నానన్న బెంగ ఆమెను నిలవనివ్వలేదు. మిట్టమధ్యాహ్నం తలుపు వేసి, చిన్న గిన్నెలో చిలగడదుంప ముక్కలు పెట్టి, కొబ్బరిపాలు పోసి, అగరొత్తి వెలిగించింది. పేరు పెట్టి పిలవకపోతే పోయినవాళ్లు రారు.

"ఖాయ్, రా నాన్నా, తిందువుగాని" అని పిలిచింది. చెక్కగోడ సంగతి ఆ క్షణాన గుర్తులేదు.

అగరొత్తి సగం కాలకముందే మువాయ్ ఇద్దరు పోలీసులను వెంటబెట్టుకొచ్చింది.

"చూడండి బాబూ! ఇంట్లో దుక్కలా తిరుగుతున్న ఖాయ్‌కి తద్దినం పెడుతోంది. మరి ఈ తిరిగేవాడెవడో అడగండి!"

ఇద్దరిలో పెద్దవాడు గిన్నె వంక చూశాడు. "ఎవరి తద్దినమమ్మా?"

మూలన తొవాయ్ గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. వాణ్ణి ఇప్పుడే లారీ ఎక్కించేస్తారు.

"పెద్దాడిది బాబూ. తొవాయ్ అని. మూడేళ్లప్పుడు పోయాడు. అప్పటికి వీడు కడుపులో ఉన్నాడు."

"పచ్చి అబద్ధం! ఖాయ్ అని పిలవడం ఈ చెవులతో విన్నా" అంది మువాయ్.

"అన్నకు దండం పెట్టమని తమ్ముణ్ణి పిలిచాను. తప్పా?"

"తిందువుగాని అంది బాబూ!"

"దండం పెట్టాక వాడు తినొద్దా? అది కూడా నిన్నడగాలా?"

పోలీసు చెయ్యెత్తి ఇద్దరి నోళ్లూ మూయించాడు. "అయితే పెద్దాణ్ణి పిలువు. నా ఎదుట."

బతికున్న బిడ్డ పేరు అగరొత్తి పొగలో పలికితే చావు ఆ పేరు గుర్తుపెట్టుకుంటుందని అక్కడ ప్రతి తల్లీ భయపడుతుంది. పోలీసునూ ఒక తల్లే కన్నది. ఆ వెధవ తెలిసే అడిగాడు.

న్యాన్ ఇంకో అగరొత్తి వెలిగించింది. "తొవాయ్, రా నాన్నా. అమ్మ పిలుస్తోంది, వచ్చి తిను." కొడుకు వైపు తిరిగి, "ఇంకా నిలబడ్డావేం? అన్నకు మొక్కు" అని కసిరింది. తొవాయ్ మోకాళ్ల మీద కూలబడి, తల నేలకు ఆనించి, "రా అన్నయ్యా" అన్నాడు.

పోలీసు మువాయ్ మీద విరుచుకుపడ్డాడు. "నీ తగవులకు మేమే దొరికామా?" అని తిట్టి వెళ్లిపోయాడు. రెండోవాడు వెనకాలే నడిచాడు.

మువాయ్ గుమ్మంలోనే ఉండిపోయింది. ఆమెకు అంతా అర్థమైంది.

"ఇలా చంపుకోవచ్చని నాకెందుకు చెప్పలేదే?" అంది. "గోడ అవతలే కదే ఉన్నాను. ఒక్క మాట చెబితే నా విన్‌ను నేనూ చంపుకునేదాన్ని."

న్యాన్ ఆమె మొహం మీదే తలుపు వేసింది.

యుద్ధం అయిపోయేదాకా ఏటేటా ఆ రోజున ఆ ఇంట్లో తొవాయ్‌కే తద్దినం పెట్టారు, గోడ అవతలికి వినపడేంత గట్టిగా పిలిచి. ఖాయ్‌ని మళ్లీ ఎవరూ భోజనానికి పిలవలేదు.